మూసీ నీళ్ళలో నిలబడ్డవాళ్ళ లెక్క ఎక్కడ?

(నల్లగొండలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నది గురించి మాట్లాడమంటే మన దగ్గర ముందు కృష్ణ పేరే చెబుతారు. సాగర్ డ్యాం, ఎడమ కాలువ, దిగువన డెల్టా వరిపొలాలు. నేను మాత్రం వాడపల్లి దగ్గర ఆ కృష్ణలో కలిసే మూసీ గురించి మాట్లాడతాను. అక్కడ కలిసింది డెల్టా దాకా పోతుంది కాబట్టి ఇది మన ఒక్కరి గొడవ కాదు.

అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు మూసీవి మంచినీళ్ళే. 1908 వరద తర్వాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మంచినీళ్ళు అక్కడ ఆగాయి. హైదరాబాదు దాటి మనవైపు వచ్చేది నగరం వాడుకుని వదిలేసిన మురుగు, దానితో కలిసి కంపెనీల నీళ్ళు. వాగులన్నీ ఎండిన ఎండాకాలంలో కూడా మూసీ పారుతుంది. బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ, రామన్నపేట వైపు కత్వల కింద, పిలాయిపల్లి కాల్వ కింద వరి పండుతుంది, బర్రెలకు గడ్డి పెరుగుతుంది. అందుకే ‘ఈ నీళ్ళు మాకొద్దు’ అనే ఒక్క నినాదంతో ఈ సమస్య తేలదు. కూలి దొరికేది ఆ నీళ్ళతోనే. కాళ్ళు పుండ్లయ్యేదీ ఆ నీళ్ళతోనే.

నాట్లు వేసేది ఎవరు? కలుపు తీసేది ఎవరు? పొద్దుట దిగితే సాయంత్రం దాకా ఆ నీళ్ళలో నిలబడేది ఆడవాళ్ళు. అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు, సెంటు భూమి లేనివాళ్ళు. కాళ్ళకు నూనె రాసుకుని దిగుతారు. దురద ఎక్కువై నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఆ నాలుగు రోజుల కూలి పోయినట్టే. ఆర్.ఎం.పి. దగ్గర సూది, పూత మందు ఖర్చు వేరే. ఇదంతా ఏ ఆఫీసు రికార్డులోనూ ఉండదు.

పటాన్‌చెరు సంగతి మీలో చాలామందికి తెలుసు. అక్కడి మందుల కంపెనీల నీళ్ళు నక్కవాగులో పడి మంజీరలో కలిసేవి. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తర్వాత ఏం చేశారు? 18 కిలోమీటర్ల పైపు వేసి, శుద్ధి చేశామన్న ఆ నీళ్ళను అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు, అంటే మూసీ వైపు మళ్ళించారు. మన జిల్లా వాళ్ళు వద్దని మొత్తుకున్నా పైపు పడింది. ఒక నదిని కాపాడటమంటే ఇంకో నది మీద వేయడమా? ‘శుద్ధి’ సంగతి కూడా చెప్పుకోవాలి. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. ఆ బిళ్ళ మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు.

ఆ కేసులో నష్టపరిహారం మాటా వచ్చింది. లెక్క కట్టింది ఎకరాల మీద. పట్టాదారుకు పంట నష్టం కింద ఇంత అని. ఆ పొలంలో కూలి చేసిన మనిషికి ఎకరం లేదు, కాబట్టి నష్టమూ లేదు! మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన అక్కలకు ఇది కొత్తేమీ కాదు. శ్రీశైలం కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. 1981లో జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించినప్పుడూ కాగితం మీద పేరున్న మగవాడే నిర్వాసితుడు. ఏటి ఒడ్డున కూలి చేసిన, గడ్డి కోసిన, బట్టలుతికిన ఆడమనిషి ఏం పోగొట్టుకుందని ఎవరూ అడగలేదు.

చట్టం మారలేదా అంటే, కొంత మారింది. 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం కింద కాలుష్యం వల్ల దెబ్బతిన్న ఎవరైనా పరిహారం అడగవచ్చు. పట్టా అక్కరలేదు. ఏయే నష్టాలకు అడగవచ్చో చెప్పే రెండవ షెడ్యూలులో జబ్బు ఉంది, వైద్యం ఖర్చు ఉంది, పనిచేయలేక పోగొట్టుకున్న కూలి కూడా ఉంది. గడువు, నష్టానికి కారణం మొదటిసారి ఏర్పడిననాటి నుంచి అయిదేళ్ళు. వకీళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ గడువు మాట ముందు అడగండి.

మరి మన చేతిలో లేనిదేమిటి? రుజువు. పుండ్లు పడ్డాయని పది ఊళ్ళ ఆడవాళ్ళు చెబుతారు, ఒక్క చీటీ ఉండదు. ఆర్.ఎం.పి. చీటీ రాయడు. కాబట్టి ఒక్కసారైనా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి ఓ.పి. చీటీ తీసుకోవాలి. సంఘంలో చదువొచ్చిన పిల్ల ఒక నోటుబుక్కు పెట్టాలి. ఏ తేదీన ఎవరి పొలంలో దిగింది, ఏ కాల్వ నీళ్ళు, ఎన్ని రోజులు పనికి పోలేదు, ఎంత కూలి పోయింది. పొలం ఆసామి పేరు రాయడానికి భయపడతారు, మళ్ళీ కూలికి పిలవడని. ఆ భయం నిజమే. ఆసామి మీద కాదు మన ఫిర్యాదు, అతనూ ఆ నీళ్ళతోనే బతుకుతున్నాడు అని ముందే ఊళ్ళో కూర్చుని మాట్లాడుకోవాలి.

యాసంగి నాట్లు దగ్గరకొచ్చాయి. వలిగొండ మండలం మేము చూస్తాం. రామన్నపేట, పోచంపల్లి ఎవరు తీసుకుంటారో మధ్యాహ్నం భోజనాల లోపల చెప్పండి, నోటుబుక్కులు తెచ్చాను.