ముందు లెక్క, ఆ తరువాతే పానా

(సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఉర్దూ బడిలో పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పుకొనే మమ్మల్ని కార్యవర్గమువారు ఇంజన్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన పిల్లలు చాలామంది మెకానిక్ పనిలో ఉన్నారు గనుక, ఇది మనకు అక్కరకు వచ్చే విషయమే.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. ఆ తరువాత గచ్చిబౌలి, కొండాపూర్ దాకా ఆఫీసులు, వాటివెంట కార్లు పెరిగాయి. అక్కడి కుర్రవాళ్ళలో పాత కార్ల మీద మోజున్నవారు కొందరుంటారు. నాన్నగారు నడిపిన మారుతి 800ను షెడ్డుకు తెచ్చి, "ఉస్తాద్, దీనికి టర్బో పెట్టిస్తే కొత్త కారులా ఉరుకుతుంది గదా?" అని అడుగుతారు. పెట్టవచ్చునా అంటే, పెట్టవచ్చును. పెట్టదగునా అన్నది వేరే ప్రశ్న. దానికి లెక్క వేయాలి.

టర్బో అంటే ఏమిటి? సైలెన్సరు గుండా వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంటు కోరాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. టర్బోతో గాలి ఒకటిన్నర రెట్లు, అనగా 22 కిలోలు అయిందనుకొందాం. పెట్రోలు కూడా కిలోన్నర అందాలి. పాత కార్బొరేటరును అలాగే వదిలేస్తే ఆ కొలత తప్పుతుంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోతే వేడి మితిమీరి పిస్టనుకే చిల్లు పడవచ్చును.

రెండోది, గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవారికి ఈ సంగతి తెలుసు. ఆ వేడికి పెట్రోలు వేళగాని వేళ మండి, ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది. దీనినే నాకింగ్ అంటాం. గాలిని చల్లబరచే ఇంటర్‌కూలరు పెట్టాలి, స్పార్కు టైమింగ్ మార్చాలి, ఒక్కోసారి కంప్రెషన్ కూడా తగ్గించాలి.

పెద్ద కంపెనీలకే ఇది తలనొప్పి అయింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వారు జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చారు. నాకింగ్ రాకుండా దానిలో నీళ్ళు, మిథనాల్ కలిపిన ద్రవం వేరే ట్యాంకులో పోస్తుండాలి. చాలామంది పోయడం మరిచేవారు. చివరకు ఎన్నో కార్లకు టర్బో ఊడదీసి మామూలు కార్బొరేటరు బిగించారు.

మారుతి 800 ఇంజన్ 796 సీసీ. మొదటి బండ్లలో శక్తి 40 హార్స్‌పవర్‌కు లోపే. ఇప్పటి ఒక లీటరు టర్బో ఇంజన్లు కొన్ని సుమారు 100 ఇస్తున్నాయి గదా అనవచ్చు. వాటి పిస్టన్లు, ఆయిలు దారులు, నాకింగును కనిపెట్టే సెన్సరు, అన్నీ మొదటినుంచే ఆ బలానికి లెక్కించి చేసినవి. మన పాత ఇంజనులో రింగులు అరిగి ఉంటాయి, బోరు వదులై ఉంటుంది. అదనపు ఒత్తిడి ఆ సందుల్లోంచి కిందికి దిగి ఆయిలును బయటికి తోస్తుంది. క్లచ్ జారుతుంది, గేరుబాక్సు అరుస్తుంది. బ్రేకులు మాత్రం పాతవే!

పైగా సైబరాబాద్ ట్రాఫిక్‌లో సాయంత్రం ఫస్టు, సెకండు గేర్లలో పాకే బండికి టర్బో ఎంత పని చేస్తుంది? పొగ బలంగా రానిదే చక్రం తిరగదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీవారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చును.

2019 నవంబరు 23న బయోడైవర్సిటీ ఫ్లైఓవరు మీదినుంచి అతివేగంగా వచ్చిన ఒక కారు కింద పడి, రోడ్డు పక్కన నిలుచున్న ఒక స్త్రీ ప్రాణం పోయింది. ఆ కారుకు ఎవరో మార్పులు చేశారని మేము అనడం లేదు. వేగం తప్పితే, దారిలో ఊరికే నిలుచున్నవారు బలి అవుతారని మాత్రమే చెప్తున్నాము.

కాబట్టి యువకులారా, టర్బో అడిగిన గిరాకీతో ముందు కంప్రెషన్ టెస్టు చేయిద్దామనండి. రింగులు, వాల్వులు, కార్బొరేటరు, బ్రేకులు సరిచేస్తే పాత బండి పోగొట్టుకొన్న బలమే చాలావరకు తిరిగి వస్తుందని చెప్పండి. అది చట్టానికి లోబడిన పని, మీకు కూలి దక్కే పని. ఇక టర్బోతోనే కొత్తగా వచ్చిన బండ్లు మీ షెడ్డుకు వస్తాయి. వాటి ఆయిలును వేళకు మార్చడం, గట్టిగా నడిపాక ఒక నిమిషం ఇంజన్ తిరగనిచ్చి ఆపమని యజమానికి చెప్పడం నేర్చుకోండి. ఆ వేడి ఇరుసు దగ్గర ఆయిలు నిలిచిపోతే మాడి బొగ్గవుతుంది.

"ఇది నేను చేయను భాయ్, ఎందుకంటే..." అని లెక్కతో చెప్పగలిగిన ఉస్తాదు దగ్గరికే గిరాకీ మళ్ళీ వస్తాడని మా నమ్మకం.