తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

మా కౌన్సెలింగ్ కేంద్రంలో కేసు ఫైళ్లున్న బీరువా తాళంచెవి నా కొంగుకే ఉంటుంది. వైఫై పెట్టె సంగతి మాత్రం నేనెన్నడూ అడగలేదు. మొన్న దాని అడుగున చూస్తే పేరు 'అడ్మిన్', పాస్‌వర్డూ 'అడ్మిన్'!

ఫ్యాక్టరీ పెట్టే ఈ మాటలు దొంగలందరికీ తెలిసినవే. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం ఇటువంటి 60కి పైగా జంటలతోనే లక్షల కెమెరాల్లో, రౌటర్లలో చొరబడింది. రౌటరు వాళ్ల చేతికి చిక్కితే మనల్ని నకిలీ సైట్లకు మళ్లించగలరు. అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని బ్రిటన్ చట్టం 2024 ఏప్రిల్ 29 నుంచి నిషేధించింది.

ఆఫీసులో వైఫై పాస్‌వర్డు, రౌటరు సెట్టింగుల పాస్‌వర్డు రెండూ ఈరోజే మారుద్దాం. హింస ఉన్న ఇంట్లో మాత్రం తొందరపడొద్దు. ఉన్నట్టుండి మారిస్తే భర్తకు అనుమానం వస్తుంది. ఎప్పుడు మార్చాలో ఆమే నిర్ణయించాలి.