కోర్టు వాయిదాలు – మన మగ్గాలు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము బరంపురం నేతగాళ్ళం. చట్టం గురించి మాట్లాడమన్నారు. మేము చదివింది ఎనిమిదో క్లాసు. కానీ కోర్టు వరండాలో ఎనిమిదేళ్ళు కూచున్నాము కాబట్టి ఆ సంగతే చెప్తాము.

2011 దసరా ముందు వేరే రాష్ట్రంలో ఒక పెద్ద షాపు వారికి మా సంఘం 64 పట్టుచీరలు అరువు మీద ఇచ్చింది. 3 లక్షల 40 వేల రూపాయలు. వాళ్ళిచ్చిన చెక్కు బ్యాంకులో వేస్తే ఖాతాలో డబ్బుల్లేవని తిరిగొచ్చింది. నోటీసు పంపాము, జవాబు లేదు. బరంపురం కోర్టులో కేసు వేశాము. చెక్కు కేసుని ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే రాసుంది అని ప్లీడరుగారు చెప్తే, సంక్రాంతికి కాకపోయినా ఉగాదికి డబ్బు వస్తుందనుకున్నాము.

సమన్లు వెళ్ళడం, "ఈ చిరునామాలో లేరు" అని తిరిగి రావడం, దీనికే మూడేళ్ళు పట్టింది. మేము వెళ్ళి చూస్తే షాపు అక్కడే ఉంది, బోర్డుకి కొత్త రంగు కూడా వేశారు. ఇక్కడ ప్రతి వాయిదాకీ సెక్రటరీ, గుమాస్తా ఇద్దరం వెళ్ళాలి. మా లెక్కల పుస్తకాలు తాతల నాటి నుంచి తెలుగులోనే రాస్తాము, అవి కోర్టుకి ఇంగ్లీషులో రాయించి పెట్టాలి, దానికొక ఖర్చు. పొద్దున పదింటికి వెళ్తే సాయంత్రం నాలుగింటికి మళ్ళీ తారీఖు ఇచ్చేవారు.

ఇంకో పక్క పట్టునూలు కొనే డబ్బంతా ఆ చెక్కులో చిక్కుకుపోయింది. పడుగు వేసిన మగ్గాలు పేక లేక ఆగిపోయాయి. మజూరీలు ఇవ్వలేకపోయాము. కుర్రాళ్ళు సూరత్ పవర్లూముల్లోకి పోయారు. గంజాం జిల్లా నుంచి సూరత్ పోవడం కొత్త కాదు గాని, ఆ ఏడాది మా వీధి నుంచి పోయినవాళ్ళు చేతిమగ్గం బాగా వచ్చినవాళ్ళు. తిరిగొచ్చిన వాళ్ళు ఇద్దరే.

తర్వాత 2014 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చెక్కు ఏ ఊరి బ్యాంకు మీద రాశారో ఆ ఊళ్ళోనే కేసు నడవాలి అన్నారు. సాక్ష్యం మొదలైన కేసులు ఉన్నచోటే ఉంటాయి. మాది సమన్ల దగ్గరే ఉంది కదా, కాగితాలు మా చేతికిచ్చి 30 రోజుల్లో అక్కడ వేసుకోమన్నారు. రైల్లో ఒక రాత్రి ఒక పగలు ప్రయాణం. అక్కడి భాష మాకు రాదు. అవతలివాడు ఆలస్యం చేసినందుకు కేసు వాడి ఊరికే వెళ్ళింది. 2015లో పార్లమెంటు చట్టం మార్చింది, డబ్బు రావలసినవారి బ్యాంకు ఉన్నచోటే కేసు అని. ఫైలు మళ్ళీ బరంపురం వచ్చేసరికి ఇంకో ఏడాది దాటింది.

నిజం చెప్పాలంటే మేము కూడా రెండు వాయిదాలు అడిగాము. ఒకటి మా ఇంట్లో పెళ్ళికి, ఒకటి లెక్కల పుస్తకం దొరక్క. ఆ పుస్తకం తర్వాత ఆసు కింద దొరికింది. జడ్జీలదే తప్పంటే ఒప్పుకోము. రోజుకి ఎన్ని ఫైళ్ళు వాళ్ళ బల్ల మీదకి వస్తాయో కళ్ళారా చూశాము.

2019లో లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అసలు మాత్రం, రెండు వాయిదాల్లో. వడ్డీ లేదు. 2011లో ఆ డబ్బుకి వచ్చే నూలు 2019లో రాదు. అయినా ఒప్పుకున్నాము, ఎందుకంటే ఇంకా ఆగే ఓపిక అవతలివాడికుంది, మాకు లేదు. పాత మజూరీలు పంచిన రోజు ఒక ముసలమ్మ తన భర్త వాటా 4,200 తీసుకోడానికి వచ్చింది. ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు. వేలిముద్ర వేసి, "ఇది ఏ చీర డబ్బులు బాబూ?" అని అడిగింది. మేము చెప్పలేకపోయాము.

ఇది మా ఒక్కరి గొడవ కాదు. 1985లో చేనేతకి రిజర్వేషన్ చట్టం చేశారు, 22 రకాలు చేతిమగ్గానికే అన్నారు. పవర్లూము వాళ్ళు కోర్టులకెళ్ళి స్టేలు తెచ్చారు. చట్టం సరైనదే అని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1993 వచ్చింది. గెలిచింది మనమే. ఈ ఎనిమిదేళ్ళలో ఆ రకాలు పవర్లూము మీద నేసి బజారు నింపేశారు. తర్వాత 22ని 11 చేశారు. ఇక దూరం సంగతి యానాం వాళ్ళనడగండి, చుట్టూ ఆంధ్ర పెట్టుకుని హైకోర్టుకి చెన్నై పోవాలి. షోలాపూరు వాళ్ళకి 2025 ఆగస్టు నుంచి కొల్హాపూర్‌లో బెంచి వచ్చింది, కొంత నయం.

సంఘాల సెక్రటరీలు ఒక్కటి వినండి. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం కింద ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. సహకార సంఘాలకీ వర్తిస్తుంది. సరుకు తీసుకున్నవాడు 45 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదు మన రాష్ట్రంలోని కౌన్సిల్లోనే, వాడి ఊరికి పోనక్కర్లేదు. 90 రోజుల్లో తేల్చాలని ఉంది, అదీ సాగుతుందనుకోండి. కానీ తీర్పు మీద వాడు కోర్టుకెళ్ళాలంటే ముందు నూటికి 75 వంతులు డిపాజిట్ చెయ్యాలి. సాగదీస్తే నష్టం ఇప్పుడు వాడికి.

చెక్కు తిరిగొస్తే 30 రోజుల్లోపు నోటీసు, అందిన తర్వాత 15 రోజులు గడువు, ఆ పైన నెలలోపు కేసు. మొహమాటపడి, పండగ పోనీలే అని ఈ తారీఖులు దాటనివ్వకండి. అరువిచ్చేటప్పుడు బిల్లు మీద సంతకం, ముద్ర వేయించుకోండి. మా 64 చీరల్లో 20 చీరలకి సంతకం లేదు, దాని మీదే వాళ్ళ ప్లీడరు ఏడాది లాగాడు.

మా కేసు ఫైలు సంచిలో తెచ్చాము. చూడాలనుకున్నవాళ్ళు భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి. నోటీసు నమూనా కాపీలు కూడా ఉన్నాయి, తెలుగులోకి రాయించాము.