ఉగాది ఏటా ఒకే తేదీన రాదేం?
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణానికి ముందు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారి ఆజ్ఞ. మా ఇంట్లో జరిగిన ముచ్చట చెప్పడం తప్ప నాకు వేరే పాండిత్యము లేదు.

ఈ చెన్నపట్నంలో మా ఎదురింటి తమిళ సోదరులు ఏటా ఏప్రిల్ 14వ తేదీ ప్రాంతాననే సంవత్సరాది చేసుకుంటారు. వాళ్ల పండుగ కదలదు, మన పండుగ ఒకచోట నిలవదేమని మా మనుమరాలు నన్ను తమిళంలో అడిగింది. "పంచాంగంలో అట్లా ఉంది, ఊరుకో" అన్నాను. పిల్ల ఊరుకున్నది. ఆ ఊరుకోవడమే ఆ రాత్రి నాకు నిద్ర లేకుండా చేసింది.

మరునాడు దోసెడు చింతగింజలు ముందు పోసుకుని ఇద్దరమూ కూర్చున్నాము. వాళ్లది సూర్యుడి లెక్క. సూర్యుడు మేషరాశిలో ప్రవేశిస్తే వాళ్లకు కొత్త సంవత్సరం. మనది చంద్రుడి లెక్క. అమావాస్యకూ అమావాస్యకూ నడుమ సుమారు 29½ రోజులు. పన్నెండు నెలలకు 354. సూర్యుడి ఏడాదికి 365 పైచిలుకు. అంటే ఏటా 11 రోజులు తరుగు. ఏడాదికి 11 గింజలు చొప్పున పక్కన పెట్టమన్నాను. మూడో ఏడు నిండేసరికి నెలకు మించి పోగయినవి. అదే అధికమాసం. సూర్యుడు రాశి మారని చాంద్రమాసానికి ఆ పేరు.

2023లో అధిక శ్రావణం వచ్చింది. అందుచేతనే ఆ ఏడు మార్చి 22న వచ్చిన ఉగాది 2024లో ఏప్రిల్ 9కి జరిగి, 2025లో మళ్లీ మార్చి 30కి వచ్చింది. ఈ సర్దుబాటే లేకపోతే పదేళ్లలో మన ఉగాది డిసెంబరు చలిలో పడేది. అప్పుడు పచ్చడికి వేపపువ్వు ఎక్కడ తెస్తాము?

"అయితే బాకీపడ్డ రోజులన్నీ ఒక్కసారే తీర్చేస్తామన్నమాట, తాతయ్యా!" అన్నది పిల్ల, తెలుగులో.

అయ్యలారా, అమ్మలారా! పిల్లల ప్రశ్నలకు మనం జవాబు చెప్పకపోతే వాళ్లు వేరేచోట, వేరే భాషలో తెలుసుకుంటారు. అందులో తప్పు లేదు. కాని మన ఇంట్లో తెలుగు అన్నానికి పిలవడానికీ, కోప్పడడానికీ మాత్రమే మిగులుతుంది. తెలియనప్పుడు "తెలియదమ్మా, రేపు ఇద్దరం కలిసి చూద్దాం" అని తెలుగులోనే అందాము. ఈ కొత్త సంవత్సరంలో "ఊరుకో" అన్న మాటను మాత్రం మానుకుందాము.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.