కెనడాలో దిగిన రోజు ధర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కెనడా పన్నులు, బడ్జెట్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మనలో చాలామంది అక్కడ ఉన్నారు, ఇంకొందరి పిల్లలు ఉన్నారు. కలిసినప్పుడు అందరూ అడిగేది ఒకటే: ఊళ్లో పొలం అమ్మితే అక్కడ పన్ను పడుతుందా?

పడుతుంది. కెనడాలో పన్నుకు పౌరసత్వంతో పని లేదు, నివాసమే లెక్క. అక్కడ స్థిరపడ్డవాళ్లు ఏ దేశంలో వచ్చిన ఆదాయమైనా చూపించాలి. పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మితే వచ్చే లాభానికి ఇండియాలో పన్ను లేదు, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకీ లేదు. అందుకని అక్కడా ఉండదనుకుంటారు. రెండింటికీ ఉంటుంది. ఇక్కడ పన్ను కట్టి ఉంటే అక్కడ తగ్గించుకోవచ్చు. కట్టనప్పుడు తగ్గించుకోవడానికి ఏముంటుంది?

అయితే ఆ చట్టంలోనే మనకు మేలు చేసే మాట ఒకటుంది. మీరు అక్కడ నివాసి అయిన రోజున, మీ పేర ఇక్కడున్న ఆస్తిని ఆ రోజు మార్కెట్ ధరకు కొత్తగా కొన్నట్టు లెక్కిస్తారు. 50 వేలకు కొన్న పొలం, మీరు విమానం దిగిన నాటికి 20 లక్షలైంది, తర్వాత 60 లక్షలకు అమ్మారు అనుకోండి. లాభం 40 లక్షలే. అందులో సగమే ఆదాయంలో కలుస్తుంది. ఆ 20 లక్షలకు రుజువు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

తాతగారు నా పేర రాసిన రెండెకరాలు ఉండేవి. నేను 2011లో వెళ్లాను, 2022లో అమ్మాను. అప్పుడు మొదలైంది 2011 నాటి ధర కోసం వెతుకులాట. పక్క చేలు ఎంతకు పోయాయో ఊరందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఎందుకు లేదో మీకు వేరే చెప్పక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ అసలు ధరలో సగం కూడా లేదు. చివరికి దాన్నే చూపించి, నాకు రాని లాభానికి కూడా పన్ను కట్టాను. వెళ్లిన ఏడాదే ఒక రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత రాయించుకుని ఉంటే కొన్ని వేల రూపాయలతో పోయేది. తప్పు పూర్తిగా నాదే.

వెళ్లాక ఆస్తి వస్తే, అది చేతికొచ్చిన రోజు ధర లెక్క. తల్లిదండ్రులు ఇచ్చినదాని మీద పుచ్చుకున్న పిల్లలకు అక్కడ పన్ను లేదు, దాని మీద తర్వాత వచ్చే ఆదాయానికే.

ఇక బడ్జెట్. 2024 ఏప్రిల్ 16 బడ్జెట్లో, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటిన లాభంలో సగం కాదు, మూడింట రెండు వంతులు ఆదాయంలో కలుపుతామన్నారు. జూన్ 25 నుంచి అమలన్నారు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఆ తేదీలోపు అమ్మాలని ఇక్కడి స్థలాన్ని అడిగిన ధరకే ఇచ్చేసింది. వాళ్ల లాభం ఆ హద్దు దరిదాపుల్లోకి కూడా రాదు. ఆ ప్రతిపాదన చట్టం కానే లేదు, 2025 మార్చి 21న రద్దు చేస్తున్నామని ప్రభుత్వమే ప్రకటించింది. స్థలం మాత్రం వెనక్కి రాలేదు. అదే 2025లో అన్నిటికన్నా కింది శ్లాబు రేటును 15 నుంచి 14 శాతానికి తగ్గించారు, దాని గురించి ఎవరూ నన్ను అడగలేదు!

ఇంకొకటి. అద్దెకిచ్చిన ఫ్లాటు, కౌలుకిచ్చిన పొలం, ఇక్కడి బ్యాంకు డిపాజిట్లు అన్నీ కలిపి ఖరీదు లక్ష డాలర్లు దాటితే ఏటా టీ1135 అనే ఫారం ఇవ్వాలి. అది పన్ను కాదు, సమాచారమే. మొదటి ఏడాది అక్కర్లేదు. సొంతానికి వాడుకునే ఇల్లు లెక్కలోకి రాదు. ఆలస్యమైతే రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 దాకా జరిమానా.

ఈ సెప్టెంబరులో పిల్లల్ని పంపుతున్నవాళ్లు నలుగురైదుగురు కనిపించారు. వాళ్ల పేర ఇక్కడ ఏదైనా ఆస్తి ఉంటే, భోజనాల దగ్గర నన్ను ఒకసారి కలవండి.