పిట్టలను పిలుచు జొన్న సాళ్ళు



పిట్ట కనబడినచో వడిసెల తీయుట మనకు అలవాటు. ప్రత్తి, మిరప చేలకు మాత్రము పిట్టలను పిలువవలెను. గోరింక, పాలపిట్ట, ఏట్రింత మన పైరు తినవు. లద్దె పురుగును, శనగపచ్చ పురుగును ఏరి తినును. 1987-88లో పచ్చపురుగు గుంటూరు, ప్రకాశం ప్రత్తిని ఊడ్చివేసినది. మందుపై మందు చల్లినను అది లొంగలేదు.

కావున ప్రత్తి విత్తునప్పుడు, మిరప నాటుటకు కొంత ముందు, చేను చుట్టు రెండు మూడు సాళ్ళు జొన్న ఒత్తుగా వేయుడు. కంకులకు గోరింకలు వచ్చును. ఆకులపై అక్షింతల పురుగులు చేరి పేనును తినును. గాలితో వచ్చు తామర పురుగులకును ఆ సాళ్ళు కొంత అడ్డగును. 2021-22లో నల్ల తామర పురుగుకు మిరప పోగొట్టుకొన్నవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మొక్కజొన్నయు పనికివచ్చును గాని, నల్లమల అంచు గ్రామములలో అడవి పందులకు విందగును, ఆలోచించి వేయుడు.

జొన్న కంకి వేయు లోపల పిట్ట వాలుటకు చోటు కావలెను. ఎకరమునకు పది చొప్పున అడ్డకర్ర కట్టిన కొయ్యలను, పైరుకంటె అడుగు ఎత్తుండునట్లు పాతుడు.

గట్టున ఆముదము వేసినచో లద్దె పురుగు తల్లి దాని ఆకులపై గ్రుడ్ల కుప్పలు పెట్టును. ఆ ఆకులను ఎప్పటికప్పుడు కోసి నాశనము చేయవలెను. తీరిక లేనివారు ఆముదము జోలికి పోకుండుటయే మేలు; పురుగును మనమే పెంచినట్లగును.

ప్రత్తికాయలో దూరిన గులాబిరంగు పురుగు పిట్టకు చిక్కదు. దానికి లింగాకర్షక బుట్టలు వేరుగా పెట్టుకొనవలెను.

జొన్న ముదిరినపుడు మీకు కావలసినది కోసికొని, కొన్ని కంకులు పిట్టలకు విడువుడు.