కింగ్ సీమ్: ఒక ఇంటిపేరు చరిత్ర

(గని కార్మికుల స్మారకోపన్యాసం, సెంటినరీ కాలనీ)



బొగ్గుబాయిలో ప్రాణాలు వదిలినవాళ్ల జ్ఞాపకార్థం జరుగుతున్న సభ ఇది. పోయినవాళ్లను తలుచుకోవడమంటే మొదట వాళ్ల పేరు పలకడమే. అందుకే ఈ సాయంత్రం పేర్ల గురించే మాట్లాడాలనుకున్నాను. బొగ్గు పొరకు ఎక్కిన ఒక ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, దాని అర్థమేమిటి, ఎంతమంది పెట్టుకున్నారు, మన నేలకు ఎలా చేరింది అన్నది మొదట చెబుతాను. ఆ తర్వాత మన పేర్ల దగ్గరికి వస్తాను.

ఇల్లెందు, కొత్తగూడెం వైపు పనిచేసి బదిలీ మీద ఇటు వచ్చినవాళ్లకు కింగ్ సీమ్ అన్న మాట బాగా తెలుసు. మన రామగుండంలో పొరలకు అంకెలే ఉన్నాయి. ఒకటో సీమ్, రెండో సీమ్, మూడో సీమ్, నాలుగో సీమ్ అంటాం. అక్కడ మాత్రం కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అంటారు. రెండూ పక్కపక్కనే వినపడేసరికి పొరల్లో ఇది రాజు, అది రాణి అన్న లెక్కన పెట్టి ఉంటారని చాలామంది అనుకుంటారు. కింగ్ సీమ్ పేరు కిరీటాన్ని బట్టి వచ్చింది కాదు, ఒక మనిషిని బట్టి వచ్చింది. ఆయన డాక్టర్ విలియం కింగ్, భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో ఉద్యోగి. 1857లో ఆ శాఖలో చేరాడు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని నిర్ధారించాడు. 1887 నుంచి 1894 దాకా ఆ శాఖకు డైరెక్టర్‌గా ఉన్నాడు. అక్కడి ముఖ్యమైన పొరకు ఆయన ఇంటిపేరే స్థిరపడింది.

ఆ పేరు సంగతి చూద్దాం. కింగ్ అన్నది జర్మానిక్ భాషాకుటుంబపు పేరు. ఇంగ్లీషు, జర్మన్, డచ్చి, స్వీడిష్ భాషలన్నీ ఆ కుటుంబానివే. పాత ఇంగ్లీషులో ఈ మాట రూపం ‘క్యునింగ్’. జర్మన్‌లో ఇదే ‘కోనిగ్’, డచ్చిలో ‘కోనింగ్’. క్యునింగ్‌లో మొదటి భాగం ‘క్యున్’ అంటే వంశం, తెగ. చివరి ‘ఇంగ్’ అంటే దానికి చెందినవాడు. తెగకు చెందినవాడు, తెగలోంచి వచ్చినవాడు అన్నది తొలి అర్థం. ఆ ‘క్యున్’కీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘జనం’ అన్న మాటకీ మూలధాతువు ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. పుట్టుకను చెప్పే ప్రాచీన ధాతువు అది. సింహాసనం, కిరీటం అన్న భావాలన్నీ ఆ తర్వాత చేరినవి.

అయితే రాజ్యానికి రాజు ఒక్కడే కదా, ఆ ఇంటిపేరు ఇన్ని లక్షలమందికి ఎలా వచ్చింది? ఇంగ్లండులో 1066 నాటి నార్మన్ల దండయాత్ర తర్వాత మూడు నాలుగు వందల ఏళ్లలో ఇంటిపేర్లు మెల్లగా స్థిరపడ్డాయి. పన్ను చిట్టాలు రాసేవాళ్లకు ఒకే ఊళ్లో పదిమంది జాన్‌లు, పదిమంది విలియమ్‌లు తగిలేవారు. వాళ్లను వేరుచేసి రాయడానికి వృత్తిని బట్టో, ఊరిని బట్టో, తండ్రిని బట్టో, జనం పిలిచే పేరును బట్టో రెండో పేరు చేర్చారు. ‘లె కింగ్’ అని చిట్టాలకెక్కినవాళ్లు రాజవంశీకులు కారు. ఊరి పండుగల్లో, ఆటల్లో ఏటా రాజు వేషం కట్టిన రైతు ఒకడు. ఠీవిగా నడుస్తాడని ఊరంతా ‘రాజు’ అని పిలిచిన మనిషి ఇంకొకడు. రాజుగారి లోగిలిలో పనిచేసిన నౌకరు మరొకడు. ఒక తరంలో పిలుపుగా ఉన్నది తర్వాతి తరానికి ఇంటిపేరయింది. ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు కాబట్టే ఆ పేరు దేశమంతటా విడివిడిగా, మళ్లీ మళ్లీ పుట్టింది. ఈనాడు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఎక్కువగా కనిపించే మొదటి నలభై ఇంటిపేర్లలో కింగ్ ఒకటి. జర్మనీలో కోనిగ్ మొదటి యాభైలో ఉంటుంది.

ఆ లెక్కలోకి వచ్చి చేరినవాళ్లూ చాలామంది ఉన్నారు. ఐర్లండు పడమటి తీరంలో, గాల్వే ప్రాంతంలో ‘మాక్ కొన్రీ’ అన్న ఐరిష్ ఇంటిపేరు ఉంది. దాని చివర వినిపించే ‘రీ’ ఐరిష్‌లో రాజు అన్న మాటలా ఉండటంతో, ఇంగ్లీషు పాలనలో ఆ కుటుంబాలు ‘కింగ్’లుగా మారిపోయాయి. అమెరికాకు వలసవెళ్లిన జర్మన్ కోనిగ్‌లు, ఫ్రెంచి రోయ్‌లు కొందరు కింగ్‌లయ్యారు. బానిసలుగా అమ్ముడుపోయిన ఆఫ్రికా సంతతివారిలో చాలామందికి యజమానుల ఇంటిపేర్లే మిగిలాయి. ఒక ఇంటిపేరు ఎక్కువగా ఉన్నంత మాత్రాన వాళ్లందరిదీ ఒకే రక్తమని చెప్పలేం. ఎన్నో దేశాల, ఎన్నో కష్టాల మనుషులు ఒకే పేరు కిందికి వచ్చారన్నది అంకెల వెనకున్న నిజం.

బొగ్గు పనివాళ్లం కాబట్టి ఇంకో జర్మానిక్ ఇంటిపేరు కూడా మనకు కావాలి. జర్మనీలో ‘కోలర్’ అన్నది బాగా వ్యాప్తిలో ఉన్న పేరు. అడవిలో కట్టె పేర్చి, మట్టి కప్పి, బొగ్గు కాల్చేవాడు కోలర్. ఇంగ్లీషులో ‘కాలియర్’ అన్నా అదే. నేలబొగ్గు తవ్వకం పెరిగాక గనిలో దిగేవాడికీ ఆ మాటే వర్తించింది. మన కంపెనీ పేరులోని ‘కాలరీస్’ అక్కడి నుంచి వచ్చిందే. తెలుగులోనూ ‘బొగ్గుల’ అన్న ఇంటిపేరు ఉంది. బొగ్గు పని చేసినవాడిని ఏ దేశమైనా ఆ పనితోనే గుర్తుపెట్టుకుంది.

ఇప్పుడు విలియం కింగ్ కుటుంబంలోకి వెళ్దాం. ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఇంగ్లండులోని సండర్లండ్‌లో 1809లో పుట్టి, గాల్వేలోని క్వీన్స్ కాలేజీలో భూగర్భశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఇంగ్లండులోని పెర్మియన్ యుగపు శిలాజాల మీద 1850లో పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ యుగం దాదాపు 30 కోట్ల ఏళ్ల కింద మొదలై 25 కోట్ల ఏళ్ల కింద ముగిసింది. గోదావరి లోయ బొగ్గు ఆ యుగపు అడవులదే. తండ్రి ఏ యుగపు శిలాజాల మీద పుస్తకం రాశాడో, ఆ యుగపు బొగ్గునే కొడుకు మన నేలలో చూశాడు.

తండ్రి చేసిన మరో పనిని ప్రపంచమంతా గుర్తుంచుకుంది. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ దగ్గరి నియాండర్ లోయలో 1856లో సున్నపురాయి క్వారీ కూలీలు గుహలో మట్టి తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. అవి మనలాంటి మనిషివి కావు, వేరే మానవజాతివి అని తండ్రి కింగ్ 1863లో న్యూకాసిల్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ప్రతిపాదించి ‘హోమో నియాండర్తాలెన్సిస్’ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు అది అచ్చయింది. అంతరించిన మానవజాతి ఒకదానికి శాస్త్రీయమైన పేరు పెట్టడం అదే మొదలు. సరిగ్గా ఆ 1863 సెప్టెంబరులోనే కొడుకు కింగ్, తన సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసు దగ్గరి అత్తిరంపాక్కంలో పాతరాతియుగపు పనిముట్లు చూశాడు. తండ్రి న్యూకాసిల్‌లో, కొడుకు మద్రాసులో, ఒకే ఏడు ఆదిమానవుడి జాడ తీశారు.

ఆ లోయ పేరు కూడా ఒక ఇంటిపేరే. యోఆకిమ్ నియాండర్ అన్న 17వ శతాబ్దపు భక్తికవి డ్యూసెల్‌డార్ఫ్‌లో బడి నడిపేవాడు. ఆ లోయ అంటే ఆయనకు ఇష్టం. తర్వాతివాళ్లు దాన్ని ఆయన పేరుతో పిలిచారు. అసలు ఆ కుటుంబం ఇంటిపేరు ‘నోయ్‌మాన్’, అంటే కొత్తమనిషి, ఊరికి కొత్తగా వచ్చినవాడు. ఇది జర్మనీలో మొదటి ఇరవైలో ఉండే పేరు. గ్రీకు భాష మీది మోజుతో యోఆకిమ్ తాత దాన్ని ‘నియాండర్’ అని మార్చుకున్నాడు. ఒక వలసమనిషి ఇంటిపేరు లోయకు, లోయ పేరు మానవజాతికి చేరింది. ఆ ఎముకల చరిత్రలో వాటిని గుర్తించిన బడిపంతులు ఫుల్‌రాట్ పేరుంది, పేరు పెట్టిన కింగ్ ఉన్నాడు. గుహలో పార పట్టిన కూలీల పేర్లు లేవు.

ఇల్లెందులో జరిగిందీ అదే. భద్రాచలం వెళ్లే యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే రాళ్లే అంటుకున్నాయని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. కింగ్‌కు ముందే ఆ నల్లరాయిని చేత్తో పట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ కథలో వాళ్లు ‘యాత్రికులు’గా మిగిలిపోయారు. ఇది చెప్పి కింగ్ గొప్పతనాన్ని తగ్గించాలని నాకు లేదు. రాయి మండటాన్ని చూడటం ఒకటి. ఆ పొర ఎటు వాలింది, ఎంత మందం, ఏ రాతి కింద దాగింది అని వాగుల వెంట, గుట్టల వెంట తిరిగి పటం గీయడం ఇంకొకటి. ఆ పటం లేకపోతే 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ లేదు, 1889లో బొగ్గు ఉత్పత్తి లేదు, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ లేదు. వందేళ్ల ఉత్సవం పేరు పెట్టుకున్న ఈ కాలనీ కూడా లేదు.

కింగ్ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఒకటి ఉంది. ఆయన రాళ్లకు పేర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు తన దేశపు పేర్లు తేలేదు. కడప, కర్నూలు శిలల మీద 1872లో వచ్చిన గ్రంథంలో పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అన్న పేర్లతోనే రాతివర్గాలను విడదీశాడు. ప్రాణహిత గోదావరి లోయ మీద 1881లో వచ్చిన గ్రంథంలో పాఖాల చెరువు పేరు, సుల్లవాయి ఊరి పేరు రాళ్లకెక్కాయి. ఈనాడు ఏ దేశపు భూగర్భశాస్త్ర విద్యార్థి అయినా మన రాళ్ల గురించి చదవాలంటే ఆ ఊళ్ల పేర్లు పలకాల్సిందే. మన పేర్లను ఆయన శాస్త్రంలోకి తీసుకెళ్లాడు. ఆయన ఇంటిపేరు మన బాయిలో నిలిచింది. కంపెనీ ఏమో సింగరేణి అనే ఊరి పేరు పెట్టుకుంది.

ఇక మన పేర్లు. పాత మస్టర్ పుస్తకం ఏ బాయిదైనా తెరిచి చూడండి. రాజయ్య, రాజేశం, రాజమల్లు, రాజలింగు, రాజమౌళి, పోశం, మల్లయ్య, కొమురయ్య. ఈ ప్రాంతంలో ‘రాజ’ అన్న మాటతో మొదలయ్యే పేర్లు ఇంత దట్టంగా ఉండటానికి కారణం వేములవాడ రాజన్న. ఆ దేవుడికి మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆయన పేరే పెట్టుకున్నారు. అక్కడ ఇంగ్లండు పల్లెలో రాజు వేషం కట్టిన రైతు కింగ్ అయ్యాడు. ఇక్కడ రాజన్న వరంతో పుట్టిన కూలిబిడ్డ రాజయ్య అయ్యాడు. ఇద్దరిదీ రాజవంశం కాదు. తట్టా, చెమ్మాస్ (పార) పట్టి టబ్బులు నింపినవాళ్లు ఈ రాజయ్యలే.

వాళ్ల పేర్లలో ఒక చిక్కు ఉంది. అది ఈ సభలో చాలా ఇళ్లకు సంబంధించినది. పూర్వం పని దొరకడమే గగనమైన రోజుల్లో కొందరు ఇంకొకరి పేరు మీద బాయి పనిలో చేరారు. ఊళ్లో మల్లయ్య, మస్టర్‌లో రాజయ్య. ముప్పై ఏళ్లు ఆ పేరుకే పలికారు, ఆ పేరు మీదే జీతం తీసుకున్నారు. కొడుకు బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకటి, పేస్లిప్పులో ఇంకొకటి. ‘రాజయ్య ఉరఫ్ మల్లయ్య’ అని రాయించిన అఫిడవిట్లు సంచుల్లో పెట్టుకుని తిరిగే కుటుంబాలు కోల్‌బెల్టు అంతటా ఉన్నాయి. మారుపేర్ల సమస్య అని మనం పిలుస్తున్నది దీన్నే. కారుణ్య నియామకం కోసం అడిగే బిడ్డకు తన తండ్రి తన తండ్రేనని రుజువు చేసుకోవాల్సిన పరిస్థితి. కోనిగ్ కింగ్ అయితే, నోయ్‌మాన్ నియాండర్ అయితే చరిత్రకారులు ముచ్చటగా రాసుకున్నారు. మల్లయ్య రాజయ్య అయితే అతని బిడ్డ బతుకుదెరువు ఆగింది. పేరు మార్పు వెనక మోసం చూసే ముందు ఆకలిని చూడమని ఈ వేదిక మీది నుంచి పెద్దలను వేడుకుంటున్నాను.

జర్మానిక్ ఇంటిపేర్ల చరిత్ర మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం వాళ్లు గొప్పవాళ్లు కావడం కాదు. పన్ను చిట్టాల్లో, చర్చి పుస్తకాల్లో ఎవరో ఒకరు రాసిపెట్టారు. ఊరి కూలీ పేరు కూడా ఆ పుస్తకాల్లో ఉండటం వల్లే ఏడు వందల ఏళ్ల తర్వాత దాని అర్థం, దాని లెక్క చెప్పగలుగుతున్నాం. మన దగ్గర టోకెన్‌కు నంబరుంది, క్యాప్ ల్యాంపుకు నంబరుంది, పొరకు నంబరుంది. ఆ నంబరు వెనక మనిషిని రాయాల్సిన పని మాత్రం మిగిలి ఉంది.

ఆ పని ఈ కాలనీలోనే మొదలుపెడదాం. విద్యార్థులు ఒక్కో క్వార్టరుకు వెళ్లండి. బాయి పని చేసిన తాత పేరు ఇంటిపేరుతో సహా అడగండి. మారుపేరు ఉంటే రెండూ రాయండి, సంకోచించకండి. ఏ ఊరి నుంచి వచ్చాడు, ఏ ఇంక్లైన్‌లో దిగాడు, ఏ సీమ్‌లో పనిచేశాడు, కోల్ ఫిల్లరా, టింబర్‌మనా, హాలర్ మీదనా, అన్నీ రాయండి. బాయిలోనే పోయి ఉంటే తేదీ రాయండి. అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పేది వాళ్ల మాటల్లోనే రాయండి. ఉపాధ్యాయులు ఆ కాగితాలను పుస్తకంగా కుట్టించి గ్రంథాలయంలో ఉంచండి. వచ్చే ఏడు ఇదే సభలో ఉపన్యాసానికి ముందు ఆ పుస్తకంలోంచి పేర్లు చదవాలి. మొదట ఇంటిపేరు, తర్వాత మనిషి పేరు, ఆ తర్వాత అతను తవ్విన పొర.

బాయిలో ప్రాణాలు విడిచిన ప్రతి కార్మికుడికీ నా నమస్సులు.